నడక నాది, గంట ఆమెది

సూర్యాపేటలో మా పుట్టింటి నడవ గోడకున్న పాత గడియారాన్ని మొన్నీమధ్య మరమ్మతుకని దించితే, దాని వెనక ఒక మరక బయటపడింది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఆ గోడకు ఎన్నిసార్లు సున్నం కొట్టారో, తర్వాత ఎన్నిసార్లు రంగులు వేశారో లెక్కలేదు. అయినా లోపలినుంచి ఊరుతూ వచ్చి పసుప్పచ్చగా నిలబడింది. "ఇదేం మరక, నానమ్మా?" అని మా అన్న మనవడు మా వదినను అడిగాడు. వదిన నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

రోజూ పొద్దున దీపం ముందు కూర్చుని, నాకు మేలు చేసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ తలుచుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. నాయనమ్మ నేర్పింది. అక్షరాలు నేర్పిన నాయనమ్మ, గంజి పోసిన అమ్మ, మిర్యాలగూడ పంతులు, అందరూ వరసగా వస్తారు. వదిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. అది అసూయ. ఎనభై దాటిన మనిషిని, దేవుడి ముందు అబద్ధం ఎందుకు?

ఆ గడియారం మా తాత తెప్పించిన జర్మనీ సరుకు. టేకు పెట్టె, ముందు అద్దాల తలుపు, లోపల ఊగే ఇత్తడి బిళ్ల. అది గంట కొడితే మా వాడంతా వినేది. పక్కింటివాళ్లు దాన్ని విని ఎసరు పెట్టేవాళ్లు, ఎదురింటి ముసలాయన దాన్ని విని మందు వేసుకునేవాడు. తాత పోయాక ప్రతి శుక్రవారం నాయనమ్మ దీపం పెట్టగానే నాయిన పీట ఎక్కి దానికి చావి ఇచ్చేవాడు. ఆ చావి దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉండేది, కర్పూరం వాసన వేసేది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నాయిన పక్కన నిలబడడం నా పని. "ఇంక కొంచెం పొడుగు పెరుగు. వచ్చే దసరా నుంచి నువ్వే ఇద్దువు తియ్" అని నాయిన మాట ఇచ్చాడు.

ఆ దసరా వచ్చింది. దాంతోపాటు కోదాడ నుంచి మా మేనత్త పురిటికి వచ్చింది, పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని. నాకంటే రెండేళ్లు పెద్ద, వరసకు వదిన.

శుక్రవారం నేను తలకు పోసుకుని, చావి పట్టుకుని, పీట మీద పీట వేసుకుని సిద్ధంగా ఉన్నాను. నాయనమ్మ దీపం పెట్టి వెనక్కి తిరిగి చూసి, "ఆడబిడ్డ పిల్ల ఇంటికొచ్చింది. నాలుగొద్దులుండి పోయే పిల్ల. దానితోని ఇప్పియ్యి" అంది నాయినతో.

"నాయనమ్మా, నాకు చెప్పిండు నాయిన!"

"నువ్వేడికి పోతున్నవే? గడియారం యాడికి పోతది? జర ఓపిక పట్టు."

నా చేతిలోంచి చావి వదిన చేతికి వెళ్లింది. ఆమెకు ఒక్క పీట చాలింది.

ఆ రోజునుంచి ఆమె చేసే ప్రతి పనీ నా కంట్లో నలుసే. ఆమె కోదాడలో బడికి పోయేది. నాకు చదువంటే నాయనమ్మ చాటలో పరిచిన తవుడు మీద వేలితో దిద్దించిన అక్షరాలు, దేవుడి గూట్లో పుస్తకాలు. అవి గడగడా చదివేదాన్ని. కానీ ఆ గడియారం మీద ఉన్నవి మన అంకెలు కావు, కట్టెపుల్లలు పేర్చినట్టు ఉండే గీతలు. వాటిని వదిన చదవగలదు, నేను చదవలేను. ఇంతకాలం గంటలు లెక్కపెట్టుకుని నెట్టుకొచ్చాను.

"ఏంటే అట్లా చూస్తావు? టైమెంతయిందో చెప్పు చూద్దాం" అనేది వదిన.

"మా ఇంట్ల గడియారం. నాకు తెల్వదా?"

"తెలిస్తే చెప్పు మరి."

"ఎండ గడప కాడికొచ్చింది. పది."

"పదింపావు" అని నవ్వేది.

"ఎప్పుడు సూడు ఏంటి, ఏంటి! ఏంది అనరాదా నీకు?" అని నేను మీదికి పోయేదాన్ని. ఇంతకంటే పెద్ద ఆయుధం నా దగ్గర లేదు. రాత్రి మళ్లీ ఇద్దరికీ ఒకటే మంచం, ఒకటే దుప్పటి. దుప్పటి ఆమెవైపే ఎక్కువ ఉండేది.

ఇంట్లో పురుడంటే ముందు వంటాముదం తయారు కావాలి. నాయనమ్మ ఆముదపు గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికించేది. ఆ వాసన మూడు రోజులు ఇల్లు వదలదు, అన్నంలోకి కూడా వస్తుంది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి జాడీకి పోసేటప్పుడు నాయనమ్మ ముఖం తీర్థం పోస్తున్నట్టుండేది. ఆమె నమ్మకంలో ఆముదానికి లొంగనిది లేదు. పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం, మా జడలకు ఆముదం, మా కడుపులకు నెలకోసారి ఆముదం. తన మోకాళ్లకు రాసుకుని లేచి, "సూడు, కిర్రుమనుడు ఖతం" అనేది.

గడియారం కూడా చావి ఇచ్చేటప్పుడు కిర్రుమనేది.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, బిడ్డ కోసం తోమి పెట్టిన కొత్త ఉగ్గుగిన్నె తీసుకుని, జాడీలోంచి నిండా ఆముదం ముంచాను. పీట మీద పీట వేసుకుని, అద్దం తలుపు తీసి, చావి పెట్టే రెండు రంధ్రాల్లోనూ సమానంగా పోశాను, పిల్లలకు ముక్కు మూసి తాగించినట్టు. దానికి మేలు చేద్దామని పోశానా, వదిన చెయ్యి పడ్డప్పుడు నడవకూడదని పోశానా? రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండు మూడు రోజులు బాగానే నడిచింది. తర్వాత గంట సాగదీసి కొట్టడం మొదలుపెట్టింది, జలుబు చేసిన మనిషి పిలిచినట్టు. శుక్రవారం వదిన పీట ఎక్కి చావి ఇచ్చింది. ఇత్తడి బిళ్ల నాలుగుసార్లు ఊగి నిలబడిపోయింది.

"ఎంత తిప్పినవే? లోపల కమాను తెగ్గొట్టినట్టున్నవ్!" అని అత్త లేచి వచ్చింది, నిండు నెలల మనిషి, గోడ పట్టుకుని.

"ఎప్పుడూ తిప్పినంతే తిప్పానమ్మా."

నాయిన గడియారాన్ని ఎత్తి దించి నేల మీద పెట్టాడు. వదిన పీట దిగలేదు. పైగా గడియారం ఉన్న ఖాళీలోకి జరిగి, గోడకు వీపు ఆనించి నిలబడింది. "దిగవే" అంది అత్త. దిగలేదు. "దిగుతవా లేదా?" అని చెంప మీద ఒకటి వేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ గోడను వదల్లేదు. అబ్బ, ఎంత పొగరు, అనుకున్నాను. దెబ్బ పడినందుకు లోపల ఎక్కడో తియ్యగా కూడా ఉంది. అందరూ గడియారం చుట్టూ కూర్చున్నాకే ఆమె దిగి పెరట్లోకి పోయింది. కొత్త రవిక వెనక అంతా మరక చేసుకుందని అత్త మళ్లీ తిట్టింది.

నాయిన గడియారం తలుపు తెరిచి చూసి మూసేశాడు. "పాతబడ్డది. హైద్రాబాదు నుంచి కొత్తది తెప్పిస్త" అన్నాడు.

నాయనమ్మ కొంగు నడుముకు దోపింది. "కొత్తది ఎన్నడొస్తది, నీ చెల్లె ఎన్నడు కంటది? నిన్ను కన్ననాడు దీనిమీదనే సూసిరి, దాన్ని కన్ననాడు దీనిమీదనే సూసిరి. కొత్తది నిజం చెప్తదని ఎవలు సూసొచ్చిండ్రు?"

అత్త తల దించుకుంది. అంతకు ముందు కాన్పు కోదాడలోనే అయింది. ఆ బాబు పుట్టిన వేళ ఎవరూ సరిగా చూడలేదట. వేళ తెలిస్తే శాంతి చేయించేవాళ్లమని, చేయిస్తే దక్కేవాడని నాయనమ్మ నమ్మకం. అత్త నమ్మకం కూడా అదే. అందుకే ఈసారి పట్టుబట్టి ఈ ఇంటికి, ఈ గడియారం ఉన్న ఇంటికి వచ్చింది. ఆ మాట విన్నాక నా నోట్లో తియ్యదనం పోయింది. కానీ నోరు మాత్రం తెరవలేదు.

మిర్యాలగూడలో బడిపంతులు ఒకాయన గడియారాలు బాగు చేస్తాడని ఎవరో చెప్పారు. ఊళ్లలో గడబిడ అప్పుడప్పుడే సద్దుమణిగి, దారుల్లో మళ్లీ బండ్లు తిరుగుతున్నాయి. బండి కుదుపులకు గడియారం దెబ్బ తినకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. "పిల్లను తోల్కపో" అంది అమ్మ నాయినతో, నన్ను చూపించి. గడియారాన్ని బొంతలో చుట్టి నా ఒళ్లో పెట్టారు. వదిన గడపలో నిలబడి చూస్తోంది. ఆమె చూపు బండి మలుపు తిరిగేదాకా నా వీపుకు తగులుతూనే ఉంది. చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. నా రెండు చేతులూ గడియారం మీద ఉన్నాయి మరి.

మూసీ దాటేటప్పుడు నీళ్లు బండి ఇరుసును తాకాయి. బొంతలోంచి ఆముదం వాసన వచ్చినప్పుడల్లా నా జడను ముందుకు వేసుకునేదాన్ని, వాసన దానిదే అనిపించేలా. వేములపల్లిలో చుట్టాలింట్లో దిగాం. చెరువు కింద వరి కోతలు, ఊరంతా పచ్చిగడ్డి వాసన. వాళ్లు పెట్టిన జొన్నరొట్టె, పుంటికూర సగంలోనే వదిలి, గడియారం పక్కన పోయి కూర్చున్నాను.

మర్నాడు మిర్యాలగూడ చేరాం. పంతులు క్రైస్తవుడు. ఆ రోజుల పట్టింపుల్లో నాయిన ఆయన గడప దాటలేదు, అరుగు మీదనే కూర్చున్నాడు. నేను పిల్లను కాబట్టి గడియారంతోపాటు లోపలికి పోయాను. చిన్న గది, కిటికీ పక్కన బల్ల. ఆయన గడియారాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పనిముట్లు ముట్టుకోక ముందు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి. మా నాయనమ్మ దీపం పెట్టే ముందు చేసేదీ అదే. నాకు భయం ఇంకా ఎక్కువైంది.

వెనక చెక్క విప్పి, వంగి వాసన చూశాడు. తర్వాత నావైపు చూశాడు. తర్వాత నా జడవైపు.

"నీ జడకు పెట్టిందే దీనికి కూడ పెట్టినరా బిడ్డా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"మెల్లగ, మెల్లగ. బయట నాయిన ఉన్నడు. ఎందుకు పోసినవ్?"

"కిర్రుమంటుందని. నాయనమ్మ మోకాళ్లకు పోయింది."

"గంతేనా?"

ఆయన అడిగిన తీరుకు అబద్ధం నిలవలేదు. "వదిన చావి ఇస్తుందని" అన్నాను.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "ఆముదం మనిషి కడుపు సాఫ్ చేస్తది గని, గడియారం కడుపుల బంకయితది" అని, దూదీ, కోడి ఈకా, లాంతర్లో పోసే గాసునూనె గిన్నే నా ముందు పెట్టాడు. "పోసినోళ్లే కడగాలె."

రెండు రోజులు పట్టింది. ఆయన ఒక్కో పళ్ల చక్రం విప్పి ఇచ్చేవాడు, నేను ఈకతో పంటి సందులన్నీ తుడిచి ఎండలో గుడ్డ మీద పెట్టేదాన్ని. విప్పిన వరసలోనే పెట్టమనేవాడు. లోపల రెండు ఇత్తడి డబ్బాలు, వాటిలో చుట్ట చుట్టిన ఉక్కు పట్టీలు, అవే కమాన్లు. "కుడిది నడక. ఎడమది గంట. దేని చావి దానిదే. గంటకు చావి లేకున్నా నడుస్తది గని, నడక ఆగిందంటే గంట మోగదు" అన్నాడు. చివర్లో తన సీసాలోంచి సన్నటి నూనె సూది కొనతో తీసి ఒక్కో ఇరుసుకు ఒక్కో చుక్క పెట్టాడు. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే. ఇంక పోస్తే దుమ్ము పట్టుకుంటది."

మధ్యలో ఆయన భార్య అటుకులు, బెల్లం పెట్టింది. తిన్నాను, నీళ్లు కూడా తాగాను. నాయినకు చెప్పలేదు. అప్పటికి చెప్పని మాటలు రెండయ్యాయి.

చక్రాలు ఆరేదాకా పంతులు నాకు ఆ గీతల అంకెలూ, నిమిషాల లెక్కా నేర్పాడు. ఒక పుల్ల ఒకటి. రెక్కలు విప్పిన పిట్ట అయిదు. అడ్డంగా కట్టిన రెండు పుల్లలు పది. పిట్టకు కుడిపక్క పుల్ల పెడితే ఆరు. ఇంతేనా! ఇంత చిన్నదానికా ఆమె అంత నవ్వింది!

గడియారం మళ్లీ నడవగానే అరుగు మీదికి తెచ్చి నాయినకు వినిపించాడు. "నూనె గడ్డకట్టింది పటేలా. కమాను తెగలేదు, ఎవల తప్పు లేదు."

"ఎన్నేండ్లు నడుస్తది ఇంక?"

"దీని ఇత్తడి సూడుండ్రి, ఒక్క పన్ను అరగలేదు. చావి ఇచ్చే చెయ్యి ఉన్నన్నాళ్లు నడుస్తది. కొత్తయి గిట్ల రావు."

ఎవరి తప్పూ లేదన్న ఆ మాటతో వదిన మీది నింద పోయింది, నేనూ బయటపడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. దేవుడు చేసిన మేలు అనుకున్నాను. వదినకు పడ్డ దెబ్బ మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి నడవ గోడ తెల్లగా ఉంది. "గడియారం కొత్తగయ్యి వస్తదని పిల్ల గోడకు సున్నం పెట్టింది. నెత్తి మీద పోసుకుని మరీ పెట్టింది" అని నాయనమ్మ మురిసిపోతోంది. నేను రెండు రోజులు గాసునూనెలో వేళ్లు నానబెట్టుకుని వస్తే, మెప్పు సున్నానికి! ఆ శుక్రవారం చావి దగ్గర ఇద్దరం ఒకేసారి చెయ్యి పెట్టాం.

"నేను ఒళ్లో పెట్టుకొచ్చిన. నాకు దాని లోపలి పని తెల్సు!"

"అమ్మమ్మ నాకిచ్చింది. నీకు అందను కూడా అందదు."

"రెండు పీటలేసుకుంట. నీకేంది?"

"ఆపుండ్రే!" అంది నాయనమ్మ. "దానికి రెండు బొక్కలున్నయి కద. చెరొకటి తిప్పుండ్రి." నాకు నోరు ఊరుకోక, కుడిది నడక, ఎడమది గంట అని నా తెలివంతా బయటపెట్టాను. నాయనమ్మ తీర్పు చెప్పడానికి అది బాగా పనికొచ్చింది. "అయితే గంట దానికి, నడక నీకు. పెద్దదాన్ని గౌరవించాలె."

గంట! వాడంతా వినేది గంట. నడక ఎవరికి వినపడుతుంది? పంతులు చెప్పిన మాట గుర్తు చేసుకుని, నా నడక లేకపోతే నీ గంట మోగదు అని వదినతో అన్నాను. "మోగినప్పుడు మాత్రం నాదే కదా" అంది.

అయిదో రోజు పొద్దున అత్తకు నొప్పులు వచ్చాయి. లోపల మంత్రసాని, నాయనమ్మ, అమ్మ. వదిన పొయ్యి దగ్గర వేడినీళ్లు కాస్తోంది. నన్ను గడియారం ముందు నిలబెట్టారు. ఇది ఆగితే అనే మాటే మనసులో. ఇత్తడి బిళ్ల ఊగిన ప్రతిసారీ దేవుడికి దండం పెట్టాను. గంట ఏడు కొట్టింది. కాసేపటికి లోపల బిడ్డ ఏడుపు.

"గంటెంతనే?" అని నాయనమ్మ కేక.

"ఏడు దాటి పదకొండు నిమిషాలు!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. నాయిన పంచాంగం అట్ట మీద రాసుకున్నాడు. అత్త లోపలినుంచి "సరిగ్గ సూసినవా బిడ్డా?" అని నీరసంగా అడిగింది. "సూసిన అత్తా. రెండుసార్లు సూసిన." ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు ఎందుకో ఆ వయసులోనే నాకు అర్థమైంది.

మంత్రసాని బయటికి వచ్చి ఏమందనుకున్నారు? "ఏడు గంటలు కొట్టంగనే బాబు బయటవడ్డడు" అంది. అంతే, వాడంతా అదే మాట. గంట పిలిస్తే వచ్చాడట! నా పదకొండు నిమిషాలను పంచాంగం అట్ట తప్ప ఎవరూ గుర్తుంచుకోలేదు.

తర్వాత కాలం తన పని చేసింది. వదిన మా అన్నను చేసుకుని వరసకే కాకుండా నిజంగా వదిన అయింది, ఆ గడియారం ఉన్న ఇంటికి కోడలైంది. నన్ను కోదాడ పక్కన నడిగూడెం ఇచ్చారు. ఆమె ఊరి దిక్కుకు నేను, నా ఇంట్లోకి ఆమె. ఇప్పుడు ఆమె 'ఏంది' అంటుంది, నేను 'ఏంటి' అంటాను. నాకు మంచి ఇల్లు, మంచి మనిషి, మంచి పిల్లలు దొరికారు. దేవుడికి ఏ లోటూ చెప్పుకోను. కానీ శుక్రవారం దీపం పెట్టినప్పుడల్లా, అక్కడ రెండు బొక్కల్లోనూ ఆమె చెయ్యే తిరుగుతుంటుంది కదా అనుకునేదాన్ని.

మొన్న ఆ గడియారం ఆగిపోతే పిల్లలు కొత్తది తెస్తామన్నారట. వదిన వద్దని, నాకు ఫోను చేసింది. "నీ గడియారం ఆగింది. మనిషిని మాట్లాడిన, నువ్వు రా. విప్పేటప్పుడు నువ్వుండాలె" అంది. అందుకే వెళ్లాను. అప్పుడే ఆ మరక బయటపడింది.

"ఇదేం మరక, నానమ్మా?" అని అన్న మనవడు అడిగాడని చెప్పాను కదా. వదిన నావైపు చూసి, "ఆముదం" అంది. అంతే. పిల్లవాడు నవ్వుకుంటూ పోయాడు.

కుర్చీలో కూర్చున్నాను. గోడకు ఆనుకుని దెబ్బ తిన్న పిల్ల, రవిక వెనక మరక, మేము లేని రోజుల్లో కొట్టిన సున్నం, అన్నీ ఒక్కసారి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మనది ఒకటే మంచం కద. పోసిననాడే నీ చేతులు వాసనొచ్చినయ్."

"మరి చెప్పలేదేంటే?"

"చెప్తే నిన్ను ఆ గడియారం ముట్టనియ్యకపోదురు." వదిన కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది, అదే పదింపావు నవ్వు. "నేనొక్కదాన్నే చావి ఇచ్చుకుంట కూసుంటే ఏం మజా? నువ్వు కింద నిలబడి ఉడుక్కుంటుంటే ఉండె మజా."

డెబ్బై ఏళ్లకు పైగా మోసింది ఆ మాటను. అత్తకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. నేను ఒక్క వారం కూడా మోయలేక ఊరుకాని ఊళ్లో పంతులు ముందు కక్కేశాను. ఇందులో కూడా నాకంటే ఆమెదే పైచేయి. కృతజ్ఞత కలగాలి కదా? కలిగింది. దానికంటే ముందు అసూయే వచ్చింది.

గడియారం బాగై గోడ ఎక్కింది. మరక మీద ఎవరినీ రంగు వేయనివ్వలేదు. శుక్రవారం దీపం పెట్టాక ఇద్దరం దాని ముందు నిలబడ్డాం, ఇప్పుడు పీటలు అక్కర్లేదు. కుడిది నేను తిప్పాను. చావి ఆమెకు ఇచ్చాను. ఎడమది ఆమె నాలుగు చుట్లు తిప్పింది. ఆగి, చావి నావైపు చాచింది.

"చేతనైతలేదు. మిగిలింది నువ్వే తిప్పు. గంట గంట అని పాణం తీసినవ్ కద."

చెయ్యి చాచబోయాను. కర్పూరం వాసన తగిలింది. వెనక్కి తీసుకున్నాను.

"నీది నువ్వే తిప్పుకో వదినా. మెల్లగా తిప్పు, తొందరేముంది? నేను ఇక్కడ నిలబడి ఉడుక్కుంటాను."